జంక్షన్‌లో అందరికీ కనిపించిన హోర్డింగ్, పేషెంట్లు రాని క్లినిక్: ఒక కేస్ స్టడీ

నేను అవుట్‌డోర్ మీడియా, అంటే హోర్డింగుల లాంటి బయటి ప్రకటనల చోటు, కొనిపెట్టే పని చేస్తాను. స్ట్రక్చర్లు నావి కావు, అద్దె తీసుకునేదీ నేను కాదు. అడ్వర్టైజర్ తరఫున సైట్ చూసి, బేరమాడి, బోర్డు ఎక్కాక అది పనిచేస్తోందో లేదో కనిపెట్టుకుని ఉండటం నా పని. ఈ కేసు ఎందుకు రాస్తున్నానంటే, ఇందులో మొదట తీసుకున్న సైట్‌కి వంక పెట్టడానికి పైకి ఏమీ కనబడదు. రద్దీ జంక్షన్, పెద్ద సైజు, గట్టి స్ట్రక్చర్, పర్మిషన్ కూడా సరిగ్గానే ఉంది. అయినా డబ్బంతా గాలికి పోతోంది. ఎందుకు పోతోందో తేల్చడానికి పట్టిన ఆలోచన ఇంకొకరికి పనికొస్తుందని రాస్తున్నా. క్లయింట్ ఎవరో తెలియకుండా ఊరు, పేర్లు, డబ్బు లెక్కలు తీసేశాను. తూర్పు పడమరలు, సందులు మాత్రం ఉంచాను, ఎందుకంటే గొడవంతా వాటి దగ్గరే ఉంది.

నేపథ్యం

క్లయింట్ ఒక పళ్ల క్లినిక్. ఇద్దరు డాక్టర్లు, భార్యాభర్తలు. నాలుగు రోడ్ల జంక్షన్‌కి తూర్పున ఆఫీసులు, మార్కెట్, పడమర వైపంతా ఇళ్లు. క్లినిక్ పడమర రోడ్డులో, జంక్షన్ దాటాక రెండో ఎడమ సందులో, మొదటి అంతస్తులో ఉంది. మెయిన్ రోడ్డు మీద నుంచి చూస్తే కనబడదు. సందులోకి వచ్చినవాళ్లకి కూడా తల ఎత్తితే గానీ కనబడదు. అందుకే జంక్షన్‌లో హోర్డింగ్ తీసుకోవాలన్న ఆలోచన వచ్చింది, ఆ ఆలోచన తప్పేం కాదు.

వాళ్లకి దొరికింది జంక్షన్‌కి తూర్పు మూల బిల్డింగ్ పైకప్పు మీదున్న 40 అడుగుల బై 20 అడుగుల హోర్డింగ్. ఫేసింగ్ పడమరకి. సైట్ ఓనర్ పంపిన ఫోటో సాయంత్రం తీసింది, ఎండ నేరుగా బోర్డు మీద పడి అక్షరం అక్షరం మెరిసిపోతోంది. ఫోటోతో పాటు ఒక లెక్క కూడా పంపారు, ఆ జంక్షన్ గుండా రోజుకి ఇన్ని వాహనాలు పోతాయని. ఆ రెండూ చూసి ఏడాదికి అగ్రిమెంట్ రాసేసుకున్నారు. మధ్యలో మానేస్తే మిగిలిన నెలల అద్దెలో చాలా భాగం కట్టాల్సిందే, అంటే లాక్-ఇన్ గట్టిగానే ఉంది.

నా దగ్గరికి వచ్చేసరికి కొన్ని నెలలు గడిచాయి. డాక్టర్ గారి మొదటి మాట ఇది: "ఇంత పెద్ద బోర్డు జనానికి కనబడకపోవడమేంటండీ?" కనబడుతోందండీ, మీరు అవసరమయ్యే టైమ్‌కి కనబడట్లేదేమో చూద్దాం అన్నాను. అప్పటికి అది నా అనుమానం మాత్రమే.

అసలు సమస్య ఏంటని చూస్తే

ముందు ఆ వాహనాల లెక్క తీసి పక్కన పెట్టాను. అది అబద్ధమని కాదు. నాలుగు రోడ్ల నుంచి వచ్చేవన్నీ కలిపిన లెక్క అది. ఒక ఫేస్, అంటే బోర్డు ముఖం, మాత్రం ఒక రోడ్డు నుంచి వచ్చేవాళ్లకే నేరుగా కనబడుతుంది, పక్క రోడ్డు వాళ్లకి అంచు మాత్రమే తగులుతుంది. నాలుగు రోడ్ల మీదా రద్దీ సమానంగా ఉందనుకున్నా, మనం చెల్లిస్తున్నది నాలుగు భాగాలకి, చూస్తున్నది ఒక భాగం. ఈ తేడా పెద్ద మార్కెట్లలో ఎప్పుడో గుర్తించారు. అమెరికాలో 1933లో ట్రాఫిక్ ఆడిట్ బ్యూరో పేరుతో మొదలైన సంస్థ, తర్వాత దాని పేరు జియోపాత్‌గా మారింది, మొదట్లో బోర్డు ముందు నుంచి ఎన్ని వాహనాలు పోతున్నాయో లెక్కపెట్టేది. తర్వాత వాళ్లలో నిజంగా చూసే అవకాశం ఎందరికి ఉందనే లెక్కకి మారింది. మన స్థాయిలో అంత సర్వేలు అక్కర్లేదు, రోడ్డు పక్కన నిలబడితే చాలావరకు తేలిపోతుంది.

నిలబడటం కంటే మంచి పని ఒకటుంది. బైక్ వెనక సీట్లో కూర్చుని ఫోన్‌ని కంటి ఎత్తులో పట్టుకుని వీడియో తీయడం, తర్వాత కారు ముందు సీట్లో కూర్చుని అదే చేయడం. పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం, చీకటి పడ్డాక. ఆ వీడియోలు ఆపి ఆపి చూస్తూ అక్షరాలు ఎక్కడ చదవడానికి వస్తున్నాయి, ఎక్కడ మాయమవుతున్నాయి అని రాసుకున్నాను.

పొద్దున పడమర నుంచి తూర్పుకి, అంటే ఇళ్ల నుంచి ఆఫీసులకి పోయేవాళ్లే ఈ బోర్డుకి అసలు ప్రేక్షకులు. వాళ్లు పోతున్నది తూర్పుకి, సూర్యుడు సరిగ్గా బోర్డు వెనకాల ఉన్నాడు. పైకప్పు మీది బోర్డు, వెనక ఆకాశం తప్ప ఇంకేం లేదు. వీడియోలో చూస్తే ఒక పెద్ద నల్ల చదరం, చుట్టూ వెలుగు. సాయంత్రం తీసిన ఫోటోలో మెరిసిపోయిన బోర్డు ఇదే. కానీ సాయంత్రం ఆ దిక్కుగా పోయేవాళ్లే తక్కువ.

దీనికి తోడు ఎత్తు. బోర్డు మధ్యభాగం నేల నుంచి దాదాపు 12 మీటర్ల ఎత్తులో ఉంది. కారులో కూర్చున్నవాళ్ల చూపు పైకి సుమారు 15 డిగ్రీలు దాటితే కారు పైకప్పు అడ్డం వస్తుంది, లెక్క వేస్తే బోర్డు 40 మీటర్ల దూరంలో ఉండగానే కారువాళ్లకి సగం పోతుంది. ఎర్ర లైటు పడి ముందు వరసలో ఆగినవాళ్లు, అంటే చదవడానికి బోలెడు తీరిక ఉన్నవాళ్లు, మెడ వెనక్కి వంచితే గానీ చూడలేరు. ఎవరూ వంచరు.

ఇక చెట్టు. పడమర రోడ్డు ఎడమ అంచున ఒక చెట్టు ఉంది. సైట్ చూడ్డానికి వెళ్లినప్పుడు అది ఆకు రాల్చి ఉంది, కొమ్మల్లోంచి బోర్డు మొత్తం కనబడింది. చిగురు వేసి ఆకు నిండాక దూరం నుంచి వచ్చేవాళ్లకి బోర్డు కింది భాగం మూసుకుపోయింది. ఫోన్ నంబరు ఉన్నది అక్కడే.

ఇవన్నీ ఒక ఎత్తు, పెద్దది మాత్రం ఇంకోటి. పొద్దున ఆఫీసుకి పోయేవాడు ఆ బోర్డు చదివాడనే అనుకుందాం. క్లినిక్ అప్పటికే అతని వీపు వెనక ఉంది. వెనక్కి తిరగడు, తిరిగినా క్లినిక్ తెరిచే టైమ్ కాదు. సాయంత్రం ఇంటికి వచ్చేటప్పుడు, పన్ను సలుపుతూ ఉన్నప్పుడు, క్లినిక్ సందు ముందు నుంచే పోతున్నప్పుడు, బోర్డు అతని వీపు వెనక ఉంది. జంక్షన్ సరైనదే తీసుకున్నారు, దిక్కు తప్పింది.

ఏమేం చేసి చూశాం

అగ్రిమెంట్ తెంపేయాలన్నది డాక్టర్ గారి మొదటి కోరిక. నేను వద్దన్నాను. తెంపితే కట్టాల్సిన డబ్బుతో ఇంకో సైట్‌కి కొన్ని నెలల అద్దె వస్తుంది, పైగా ఉన్న బోర్డుని ఎంతవరకు బాగుచేయొచ్చో ఇంకా చూడలేదు. ఫ్లెక్స్ మార్చడానికి అయ్యే ప్రింటింగ్, మౌంటింగ్ ఖర్చు అద్దె ముందు చిన్నది. కాబట్టి ముందు డిజైన్.

పాత డిజైన్‌లో ఇద్దరు డాక్టర్ల ఫోటోలు, డిగ్రీలు, ఎనిమిది రకాల చికిత్సల పేర్లు, రెండు ఫోన్ నంబర్లు, అడ్రస్, ఒక బుల్లి మ్యాపు, పనివేళలు ఉన్నాయి. బండి 40 కిలోమీటర్ల వేగంతో పోతుంటే సెకనుకి 11 మీటర్లు కదులుతుంది. చెట్టు దాటాక, మెడ ఎత్తాల్సిన చోటు రాకముందు, చదవడానికి వీలైన రోడ్డు 60 మీటర్లు కూడా లేదు. అయిదు సెకన్లు. అందులో కళ్లు రోడ్డు మీద ఉండాల్సిన టైమ్ తీసేయండి. ఈ రంగంలో బోర్డు మీద ఏడు మాటలు దాటొద్దని ఒక మోటు సూత్రం ఉంది, అది ఊరికే పుట్టలేదు.

అక్షరం సైజుకీ ఒక మోటు లెక్క ఉంది: హాయిగా చదవాలంటే ప్రతి 10 అడుగుల దూరానికి ఒక అంగుళం ఎత్తు. బోర్డుకి 60 మీటర్ల దూరం నుంచి చదవాలన్నా, అది దాదాపు 200 అడుగులు, అంటే 20 అంగుళాల అక్షరం. పాత బోర్డు మీద ఫోన్ నంబరు అందులో సగం కూడా లేదు. ఇక్కడ డిజైనర్లు తరచూ మర్చిపోయే విషయం ఒకటి చెప్పాలి. ఈ లెక్క ఇంగ్లీషు పెద్ద అక్షరాల కోసం పుట్టింది. తెలుగులో లైను ఎత్తు 20 అంగుళాలు పెడితే పైన గుడి, కింద ఒత్తు పోను అసలు అక్షరానికి మిగిలేది అందులో సగమో, కాస్త ఎక్కువో. కంప్యూటర్ స్క్రీన్ మీద బ్రహ్మాండంగా ఉంటుంది, రోడ్డు మీద ఒత్తులన్నీ ముద్దయిపోతాయి. కాబట్టి కొలవాల్సింది లైనుని కాదు, అసలు అక్షరాన్ని. ఒత్తులు తక్కువున్న మాటలు ఏరుకోవడం కూడా డిజైన్‌లో భాగమే.

కొత్త ఫ్లెక్స్‌లో క్లినిక్ పేరు, పళ్ల క్లినిక్ అన్న మాట, ఒకే ఫోన్ నంబరు, అంతే ఉంచాం. ఆ నంబరు ఈ బోర్డుకే ప్రత్యేకంగా తీసుకున్నది, ఇంకెక్కడా ఇవ్వలేదు. పేరుని చెట్టు అడ్డం రాని పై భాగానికి జరిపాం. దారి చూపే బాణం పెడదామని డాక్టర్ గారు అడిగారు, బాణం ఎటు పెట్టాలి? వెనక్కి. అది పెట్టలేం కాబట్టి వదిలేశాం, ఆ బోర్డు ఆ క్లినిక్‌కి ఎందుకు నప్పదో ఆయనకి అక్కడే అర్థమైంది.

ఫలితం పూర్తిగా సున్నా కాదు. వేరే రకంగా వచ్చిన పేషెంట్లు "మీ పేరు ఎక్కడో చూసినట్టుంది" అనడం మొదలైంది. అయితే ఆ నంబరుకి వచ్చిన కాల్స్ వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. పేరు జనం నోట్లో నానడానికి అలాంటి బోర్డు పనికొస్తుంది, ఏళ్ల తరబడి భరించగలిగే పెద్ద బ్రాండ్లకి. రెండు కుర్చీల క్లినిక్‌కి అంత ఓపిక ఉండదు.

తర్వాత క్యూఆర్ కోడ్. క్లినిక్ మేనేజర్ పట్టుబట్టారు, బోర్డు మీద కోడ్ పెడితే స్కాన్ చేసి అపాయింట్‌మెంట్ బుక్ చేసుకుంటారని. స్కాన్ అయ్యే దూరానికి పదో వంతు సైజు కోడ్ ఉండాలి, అదీ లెక్క. 50 మీటర్ల దూరం నుంచి స్కాన్ అవ్వాలంటే అయిదు మీటర్ల కోడ్ కావాలి, బోర్డు ఎత్తే ఆరు మీటర్లు. పోనీ చిన్నది పెడితే? మీటరు కోడ్ పది మీటర్ల దూరం నుంచే పలుకుతుంది, పైకప్పు మీది బోర్డుకి పది మీటర్ల దూరంలో పక్షులు తప్ప ఎవరూ ఉండరు. పైగా బండి నడిపేవాణ్ణి ఫోన్ తీయమని పిలవడం ఏ రకంగానూ సబబు కాదు. ఇదంతా చెప్పాను. అయినా ఒక స్టిక్కర్‌తో ప్రయత్నిద్దామన్నారు, చవకే కదా అని సరేనన్నాను. ఏమీ రాలేదు. బస్టాప్ షెల్టర్లో, లిఫ్టు పక్కన, అంటే మనిషి నిలబడి చేతికి అందే దూరంలో ఉన్నచోట కోడ్ బాగా పనిచేస్తుంది. హోర్డింగ్ మీద పెట్టడం అలంకారానికే.

మూడోది పడమర రోడ్డు డివైడర్ మీద స్తంభాలకి వేలాడే చిన్న బోర్డులు. ఆలోచన బాగుంది, సాయంత్రం ఇంటికి వచ్చేవాళ్ల దారి అది, క్లినిక్ సందుకి ముందే వస్తాయి. వేరే వెండర్ ద్వారా తీసుకున్నాం. పర్మిషన్ కాగితం అడిగితే చూపించారు, నంబరు, సీలు, గడువు అన్నీ ఉన్నాయి. కానీ అది ఆ రోడ్డులోనే పక్క భాగానికి ఇచ్చినది. కాగితంలో రాసిన స్తంభాల నంబర్లకీ, బోర్డులు కట్టిన స్తంభాల నంబర్లకీ పొంతన లేదు. అధికారులు వచ్చి పీకేశారు, అడ్వాన్స్‌లో కొంత వెనక్కి వచ్చింది, కొంత రాలేదు. అప్పటినుంచి పర్మిషన్ కాగితం తీసుకుని సైట్ దగ్గరికి వెళ్లి, అందులో రాసిన చోటూ సైజూ కళ్ల ముందున్నదీ ఒకటేనా అని సరిచూడకుండా నేను ఏ క్లయింట్ చేతా డబ్బు కట్టించట్లేదు. ఆఫీసులో కూర్చుని చూస్తే ఆ కాగితంలో తప్పు దొరకదు.

పనిచేసినది

ఆ బోర్డులు పోయినా, అవి ఉన్న కొద్ది రోజుల్లో ఒక సంగతి బయటపడింది. రిసెప్షన్‌లో సాయంత్రం వాక్-ఇన్‌లు, అంటే అపాయింట్‌మెంట్ లేకుండా నేరుగా వచ్చేవాళ్లు, కాస్త పెరిగాయి. అంటే దిక్కు గురించి నా అనుమానం నిజమే. ఇక ఆ దిక్కున సరైన ఫేస్ వెతకాలి.

సాయంత్రం తూర్పు నుంచి పడమరకి వచ్చే వీడియోలు మళ్లీ తీసి, ఈసారి బోర్డుల్ని కాకుండా మనుషుల్ని చూశాను. ఎర్ర లైటు పడి బైకులన్నీ ఆగాక వాళ్ల ముఖాలు ఎటు తిరుగుతున్నాయని. కొంతమంది ఫోన్ చూస్తారు, కొంతమంది పక్కవాళ్లతో మాట్లాడతారు, కానీ దాదాపు అందరూ కాసేపటికోసారి చూసేది ఒకటే: సిగ్నల్ పక్కనున్న కౌంట్‌డౌన్ టైమర్. 80, 79, 78. చూస్తారు, కళ్లు పక్కకి తిప్పుతారు, మళ్లీ చూస్తారు. పదిలోపుకి వచ్చిందంటే ఇక ఇంజిన్లు రైజ్ చేస్తూ కళ్లార్పకుండా దాన్నే చూస్తారు. ఆ టైమర్ వెనకాల, అదే చూపు వరసలో, పడమర మూల బిల్డింగ్ పక్కగోడ ఉంది. దానిమీద 12 అడుగుల బై 8 అడుగుల పాత గోడ బోర్డు ఖాళీగా ఉంది, ఎండకి వెలిసిపోయిన పాత ప్రకటన అంచులు చిరిగి వేలాడుతోంది. పెద్ద హోర్డింగ్ విస్తీర్ణంలో ఇది ఎనిమిదో వంతు కంటే తక్కువ. నేల నుంచి నాలుగైదు మీటర్ల ఎత్తు, కారువాళ్లకీ కనబడుతుంది. దాటాక రెండో ఎడమ సందులోనే క్లినిక్.

డాక్టర్ గారికి అది నచ్చలేదు. "ఇంత బుల్లి బోర్డా?" అన్నారు. నా వాదన ఇదీ: పెద్ద బోర్డు ముందు అయిదు సెకన్లు దొరుకుతున్నాయి, ఇక్కడ ఆగిన మనిషికి నిమిషం పైగా దొరుకుతోంది. దూరం కూడా తక్కువ. ఆగిన క్యూ బోర్డుకి 25 నుంచి 50 మీటర్ల లోపే ఉంటుంది. 50 మీటర్లకి 16 అంగుళాల అక్షరం సరిపోతుంది, 8 అడుగుల ఎత్తులో అలాంటివి మూడు లైన్లు పడతాయి. సైజు అనేది దూరానికి సరిపోవాలి, అద్దె రసీదుకి కాదు.

అయితే సిగ్నల్ దగ్గర బోర్డంటే ఒకటికి రెండుసార్లు ఆలోచించాలి. సిగ్నల్‌ని కప్పేసే, దానితో పొరబడే ప్రకటనలకి చాలాచోట్ల అనుమతి ఉండదు, ఉండకూడదు కూడా. మేం తీసుకున్నది సిగ్నల్ స్తంభం మీదది కాదు, దానికి బాగా వెనకాల ఉన్న గోడ, విడిగా అనుమతి ఉన్నది. అయినా క్లినిక్ లోగోలో ఎరుపు, ఆకుపచ్చ ఉంటే వాటిని బోర్డు మీద వాడనివ్వలేదు. చీకట్లో దూరం నుంచి చూసేవాడికి లైటు వెనక ఇంకో ఎరుపు కనబడటం మంచిది కాదు. ముదురు నీలం మీద తెల్ల అక్షరాలు పెట్టాం. తెల్ల నేపథ్యం ఎందుకు కాదంటే, రాత్రి లైట్లు పడ్డాక తెలుపు మొత్తం వెలిగిపోయి అక్షరాల అంచుల్ని తినేస్తుంది.

ఎండ సమస్య ఇక్కడా ఉంది, తిరగేసి. సాయంత్రం పడమరకి వచ్చేవాళ్ల ఎదుట సూర్యుడు ఉంటాడు. గోడ బోర్డు కావడం ఇక్కడ కలిసొచ్చింది, బిల్డింగే సూర్యుణ్ణి అడ్డుకుంటుంది. కానీ దానివల్ల బోర్డు నీడలో పడుతుంది, చుట్టూ ఆకాశం మండుతుంటే నీడలోది కళ్లకి ఆనదు. అగ్రిమెంట్‌లో మామూలుగా రాసేది "చీకటి పడినప్పటి నుంచి రాత్రి 11 దాకా లైట్లు" అని. మాకు చీకటి పడకముందే కావాలి. వెలుతురు తగ్గితే వెలిగే సెన్సార్ ఉంటే అది ఆ టైమ్‌లో వెలగదు, ఎందుకంటే వెలుతురు ఇంకా ఉంది. గడియారం టైమర్ పెట్టించి సాయంత్రం 5 నుంచి వెలిగేలా రాయించాం. పై అంతస్తు వాళ్లు కిటికీలోకి వెలుగు కొడుతోందని గొడవ చేస్తే లైట్లకి రేకు తొడుగులు వేయించాం, ఆ గొడవ అంతటితో పోయింది.

బోర్డు మీద రాసింది మూడు లైన్లు. క్లినిక్ పేరు. "రెండో ఎడమ సందు". "రాత్రి 9 దాకా". పక్కన ఒక పన్ను బొమ్మ, పళ్ల డాక్టరని చెప్పడానికి మాటలు ఖర్చు పెట్టకుండా. ఫోన్ నంబరు లేదు. దీనిమీద చాలా వాదన జరిగింది. నా ఉద్దేశం, రెండు నిమిషాల్లో గుమ్మం ముందుకి వచ్చేవాడికి నంబరు అక్కర్లేదు, తర్వాత కావాలంటే పేరు కొట్టి వెతుక్కుంటాడు. అందుకే బోర్డు మీది పేరూ, గూగుల్ మ్యాప్స్‌లో ఉన్న పేరూ అక్షరం తేడా లేకుండా ఒకటే చేయించాను. అంతకుముందు రెండు చోట్లా రెండు రకాలుగా ఉంది. మ్యాపులో పిన్ను కూడా వెనక వీధిలో ఉంటే సరిచేయించాం. సందు మొదట్లో ఒక చిన్న బాణం బోర్డు కూడా కావాల్సి వచ్చింది, రెండోది ఏదో తేల్చుకోలేక మూడో సందులోకి పోయినవాళ్లు ఉన్నారు.

మరి పెద్ద హోర్డింగ్? దాన్ని మోయడం మానేయాలి కదా. అగ్రిమెంట్‌లో సైట్ ఓనర్ ఒప్పుకుంటే మిగిలిన కాలాన్ని ఇంకో అడ్వర్టైజర్‌కి బదలాయించొచ్చని ఒక లైను ఉంది, డాక్టర్ గారు అది చదవలేదు. తూర్పు వైపే ఉన్న ఒక ట్రైనింగ్ సెంటర్ వాళ్లకి పొద్దున ఆ దారిన పోయేవాళ్లే కావాలి, సెంటర్ కూడా బోర్డు దాటాకే వస్తుంది. కాస్త తక్కువకి వాళ్లకి అప్పగించాం. ఎండ, చెట్టు సంగతి ముందే చెప్పి, నా వీడియోలు చూపించి మరీ ఇచ్చాం. వాళ్లు ముదురు రంగులు మానేసి పేరుని పైకి జరుపుకున్నారు.

పనిచేసిందని ఎలా తెలుసు

క్లినిక్‌లో కొత్త పేషెంట్ల చేత నింపించే కాగితంలో "మా గురించి ఎలా తెలిసింది" అని ఒక ప్రశ్న ఉండేది, పక్కన హోర్డింగ్ అన్న గడి. క్లినిక్ సొంత నేమ్‌బోర్డు చూసి వచ్చినవాళ్లు, కరపత్రం చూసినవాళ్లు, చివరికి పక్కింటివాళ్లు చెబితే వచ్చినవాళ్లు కూడా అందులోనే టిక్ పెట్టేవాళ్లు. దాన్ని మార్చి, రిసెప్షన్‌లో అమ్మాయి నోటితో అడిగేలా పెట్టాం: మొదట ఎక్కడ చూశారండీ, అప్పుడు ఎటు వెళ్తున్నారు? ఎటు అన్న ప్రశ్నకి ఊరికే జవాబు చెప్పలేరు, గుర్తు చేసుకుని చెబుతారు. "సిగ్నల్ దగ్గర ఆగినప్పుడండీ" అన్న మాట పుస్తకంలో మళ్లీ మళ్లీ రావడం మొదలైంది.

సాయంత్రం కొత్త పేషెంట్లు స్పష్టంగా పెరిగారు. అయినా ఆ ఘనత మొత్తం బోర్డుకి కట్టబెట్టడానికి నాకు మనసొప్పలేదు. బోర్డు పెట్టిన టైమ్‌లోనే క్లినిక్ వేళలు రాత్రి 9 దాకా పెంచారు, పిల్లలకి సెలవులు కూడా వచ్చాయి, సెలవుల్లో పిల్లల పళ్ల పని ఎలాగూ పెరుగుతుంది. వీటిలో దేనివల్ల ఎంత అని విడదీయడం కష్టం. తర్వాత ఒక తంటా మాకు మేలు చేసింది. కరెంటు బిల్లు ఎవరు కట్టాలన్న దానిమీద బిల్డింగ్ ఓనరుకీ బోర్డు అద్దెకిచ్చే ఏజెన్సీకీ గొడవొచ్చి లైన్ కట్ చేశారు, కొన్ని వారాలు సాయంత్రాలు బోర్డు చీకట్లో ఉంది. ఆ వారాల్లో క్లినిక్ వేళలు మారలేదు, డాక్టర్లూ వాళ్లే. పొద్దున అపాయింట్‌మెంట్లు ఎప్పటిలాగే ఉన్నాయి. సాయంత్రం వాక్-ఇన్‌లు పడిపోయాయి. లైట్లు వచ్చాక మళ్లీ లేచాయి. కావాలని ఆపి పరీక్షించమంటే ఏ క్లయింటూ ఒప్పుకోడు, అనుకోకుండా జరిగింది కాబట్టి దొరికిన ఆధారం ఇది.

ఈ కేసు తర్వాత నా పద్ధతిలో మారినవి

సైట్ చూసే ముందు క్లయింట్‌ని ఒకటే అడుగుతున్నా: మీ మనిషి మీ గుమ్మం వైపు వచ్చేది ఎటు నుంచి, ఎన్ని గంటలకి? దానికి జవాబు వచ్చాకే జంక్షన్‌లో ఏ ఫేస్ అన్నది చూస్తాను. ఓనరు పంపిన ఫోటో చూసి అది ఏ టైమ్‌లో తీశారో నీడల్ని బట్టి తేల్చుకుంటాను. చుట్టూ చెట్లుంటే ఆకు నిండినప్పుడు ఎంత మూస్తుందో అక్కడ పాతగా ఉంటున్న దుకాణం వాళ్లని అడిగితే చెబుతారు.

అగ్రిమెంట్ల విషయంలో ఇంకాస్త మొండిగా తయారయ్యాను. స్థలం ఒకరిది, ఇనుప ఫ్రేము ఒకరిది, అద్దెకి ఇచ్చేది మూడో మనిషి కావడం మామూలే, అందుకని పర్మిషన్ ఎవరి పేరు మీద ఉంది, దాని గడువు మన అద్దె గడువు కంటే ముందే ముగుస్తోందా అని చూస్తాను. స్ట్రక్చరల్ స్టెబిలిటీ సర్టిఫికెట్, అంటే ఫ్రేము గట్టిగా నిలబడుతుందని చెప్పే కాగితం, అడుగుతాను. 2024 మే 13న ముంబై ఘాట్కోపర్‌లో గాలివానకి ఒక హోర్డింగ్ పెట్రోల్ బంకు మీద కూలి 17 మంది చనిపోయారు. అక్కడ అనుమతించే పరిమితి 40 బై 40 అడుగులైతే అది 120 బై 120 అడుగులు. కొలతలు మూడింతలే అనిపిస్తుంది, గాలి నెట్టే విస్తీర్ణం తొమ్మిదింతలు. గాలి వేగం రెట్టింపైతే ఆ తోపుడు నాలుగింతలవుతుంది. ఆ ప్రమాదం తర్వాత ఏ క్లయింటూ ఆ కాగితం ఎందుకని నన్ను అడగలేదు.

బోర్డు అధికారుల ఆదేశంతో తీసేస్తే ఆ రోజు నుంచే అద్దె ఆగాలి, కట్టిన అడ్వాన్స్ మిగిలిన రోజుల లెక్కన వెనక్కి రావాలి అని కూడా రాయించుకుంటున్నా. ఇది అతిజాగ్రత్త అనుకునేవాళ్లకి బ్రెజిల్‌లోని సావో పాలో సంగతి చెబుతాను, 2007లో అమల్లోకి వచ్చిన చట్టంతో అంత మహానగరంలోనూ హోర్డింగులన్నీ తీయించేశారు. అంత జరగకపోయినా, ఒక రోడ్డు వెడల్పు చేస్తే చాలు మన బోర్డు పోవడానికి. లైట్లు వెలగని రోజులకి అద్దెలో కోత, నెలకోసారి పగలూ రాత్రీ తేదీతో ఫోటోలు, పక్క ఫేస్ పోటీ క్లినిక్‌కి ఇవ్వకూడదన్న షరతు, వీటికి ఓనర్లు మొదట ముఖం చిట్లిస్తారు గానీ ఖాళీగా పడున్న సైట్ అయితే ఒప్పుకుంటారు.

గోడ బోర్డు రెన్యువల్‌కి వచ్చినప్పుడు ఓనరు అద్దె పెంచమన్నారు, లైట్లు లేని వారాల లెక్క ముందు పెట్టి సగం దగ్గర తెగ్గొట్టాం. కరెంటుకి సబ్-మీటరు పెట్టించి బిల్లు నేరుగా క్లినిక్ కట్టేలా మార్చుకున్నాం. ఇంకో షరతు కూడా పెట్టాను. ఆ జంక్షన్‌లో సిగ్నల్ తీసేసి రౌండ్‌అబౌట్ చేస్తారన్న మాట వినబడుతోంది, చేస్తే బండ్లు ఆగవు, ఆగకపోతే ఆ బోర్డుకి ఇప్పుడున్న విలువ ఉండదు. కాబట్టి సిగ్నల్ పోతే నెల నోటీసుతో మేం వెళ్లిపోవచ్చని రాయమన్నాను. ఓనరు నవ్వి, మీ బోర్డుకీ సిగ్నల్‌కీ ఏం సంబంధమండీ అంటూనే సంతకం పెట్టారు.